ఫైలు తెచ్చేది తండ్రి, క్లయింటు మాత్రం పిల్లవాడే

హనుమకొండ అదాలత్‌లో, అంటే జిల్లా కోర్టులో, ప్రాక్టీసు మొదలుపెట్టిన జూనియర్‌కు మూడేళ్లు తిరిగేసరికి చెక్కు బౌన్సు కేసు, ఇంజంక్షన్ దావా, మెయింటెనెన్స్ పిటిషన్, బెయిల్ చేతికి వచ్చేస్తాయి. ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లో పేరు ఎక్కేది ఆ తర్వాతే. ప్యానెల్ లాయర్‌కు మామూలుగా మూడేళ్ల అనుభవం ఉండాలని 2010 నాటి జాతీయ న్యాయ సేవల నిబంధనలు చెబుతాయి. అంటే బాలల కేసులో నియామక పత్రం అందుకునే లాయర్ ఏమీ రాని మనిషి కాదు. వాదించడం వచ్చు, వాయిదా అడగడం వచ్చు, ష్యూరిటీలు తేవడం వచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. ఆ వచ్చిన విద్యలో చాలా భాగం నేరారోపణ ఉన్న పిల్లల కేసులు చూసే బాలల న్యాయ మండలి ముందు అక్కరకు రాదు, కొంత భాగం పిల్లవాడికి నేరుగా నష్టం చేస్తుంది. కాబట్టి జూనియర్‌కు నేర్పే సీనియర్ పని కొత్త సెక్షన్లు చెప్పడం కన్నా పాత అలవాట్లు మాన్పించడమే ఎక్కువ.

అన్నిటికన్నా ముందు మాన్పించాల్సింది, ఎవరు ఎక్కువ మాట్లాడితే వాళ్లే క్లయింటు అనుకునే అలవాటు. బాలల కేసులో ఫైలు తెచ్చేది తండ్రో మేనమామో అవుతారు, ఒక్కోసారి కానిస్టేబులే తెస్తాడు. పిల్లవాడు వెనక నిలబడి ఉంటాడు. తండ్రి అంటాడు, ‘రెండు నెలలు హోంల ఉండనియ్యండి సార్, బుద్ధి వస్తది.’ కొత్త లాయర్ తలూపి బెయిల్ పిటిషన్ పక్కన పెడతాడు. ఇది తప్పు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఉచిత న్యాయ సహాయం హక్కు ఆ పిల్లవాడిది. ఆదాయ పరిమితి కూడా వర్తించదు. తహసీల్దార్ దగ్గర ఆదాయ ధ్రువపత్రం తెమ్మని కుటుంబాన్ని తిప్పడం చాలాచోట్ల కనిపించే పొరపాటు, ఆ కాగితం అవసరమే లేదు. తండ్రి చెప్పింది వినాలి, రాసుకోవాలి. నిర్ణయం మాత్రం పిల్లవాడితో విడిగా మాట్లాడాకే.

పిల్లవాడి కోరిక ఒకటై, అతడి మేలు మరొకటైతే? 2015 నాటి బాలల న్యాయ చట్టం 3వ సెక్షన్‌లో ఈ రెండూ సూత్రాలుగా ఉన్నాయి: పిల్లల మాట వినాలి, వాళ్ల ప్రయోజనమే ప్రధానం కావాలి. రెండూ ఢీకొన్నప్పుడు లాయర్ ఏ పక్కన నిలబడాలో ఆ సెక్షన్ విడమరిచి చెప్పదు. ఆచరణలో నిలిచే పద్ధతి ఇది. నేరారోపణ ఉన్న కేసులో లాయర్ డిఫెన్స్ లాయరే. పెద్దవాళ్ల కేసులో ఎలా నిలబడతాడో అలాగే నిలబడాలి, మేలు పేరు చెప్పి నేరం ఒప్పించకూడదు. రక్షణ, ఆసరా కావాల్సిన పిల్లల సంగతి చూసే బాలల సంక్షేమ సమితి ముందైతే పిల్ల కోరికను ఆమె మాటల్లోనే ముందు చెప్పాలి, అందులో ప్రమాదం కనిపిస్తే ఆ సంగతిని ఆ తర్వాత విడిగా చెప్పాలి. కోరికను దాచిపెట్టే అధికారం లాయర్‌కు లేదు.

మూడు చోట్లు, మూడు పాత్రలు

ఒకే ప్యానెల్ లాయర్ మూడు వేర్వేరు చోట్ల నిలబడతాడు. బాలల న్యాయ మండలిలో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు, అక్కడ అతడు డిఫెన్స్ లాయర్. బాలల సంక్షేమ సమితిలో ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. అక్కడ ఎదుటి పక్షం అంటూ ఉండదు, పిల్లల తరఫున మాట్లాడేవాడు మాత్రమే. పిల్లలపై లైంగిక నేరాలు విచారించే పోక్సో కోర్టులో బాధిత బాలిక లాయర్‌గా పబ్లిక్ ప్రాసిక్యూటర్ పక్కన కూర్చుంటాడు. ఈ మూడింటినీ ఒకే వారంలో చూపిస్తే జూనియర్ గందరగోళపడతాడు. మొదట మండలి, తర్వాత సమితి, చివరగా పోక్సో కోర్టు అన్న వరుస మేలు. మండలి అతడికి తెలిసిన క్రిమినల్ ప్రాక్టీసుకు దగ్గర కనుక అక్కడ తేడాలు తొందరగా పట్టుబడతాయి. పోక్సోలో పొరపాటు జరిగితే దిద్దుకునే వీలు చాలా తక్కువ.

ఏ మండలి, ఏ సమితి అన్నది కూడా ఇక్కడ తేలికైన ప్రశ్న కాదు. పాత వరంగల్ జిల్లా 2016 అక్టోబరులో ముక్కలైంది, 2019లో ములుగు విడిపోయింది, 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండగా, రూరల్ వరంగల్‌గా పేర్లు మారాయి. 2022 జూన్ నుంచి రాష్ట్రమంతా 33 న్యాయ జిల్లాలు. వరంగల్ పోలీస్ కమిషనరేట్ పరిధిలోనే మూడు రెవెన్యూ జిల్లాలున్నాయి. పాత రికార్డుల్లో ‘వరంగల్ జిల్లా’ అని ఉంటే అది ఇప్పటి ఆరు జిల్లాల్లో ఏదైనా కావచ్చు. ఫైలు తెరవగానే పోలీస్ స్టేషన్, గ్రామం, మండలం, ఇప్పటి జిల్లా, ఈ నాలుగూ మొదటి పేజీలో రాయించాలి. తప్పు చోట వేసిన పిటిషన్ తిరిగి వచ్చేలోపు పిల్లవాడు, కేసు తేలేదాకా ఉంచే అబ్జర్వేషన్ హోంలో ఇంకో వారం గడుపుతాడు.

వయసు కాగితం

శిక్షణలో ఎక్కువ సమయం దేనికి పెట్టాలంటే వయసు నిర్ధారణకే. కేసు మండలిలో ఉంటుందా, పెద్దల కోర్టుకు పోతుందా, అసలు పోక్సో వర్తిస్తుందా అన్నదంతా దాని మీదే తేలుతుంది. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ఒక వరుస పెట్టింది. ముందు స్కూలు ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో. అవి లేకపోతే కార్పొరేషన్, మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ పరీక్షకు ఆదేశం ఇచ్చాక 15 రోజుల్లో పూర్తి కావాలి. వరుస దాటి నేరుగా ఎంజీఎం ఆస్పత్రికి పంపమని అడగడం కొత్తవాళ్లు చేసే తప్పు. డాక్టర్లు చెప్పేది ఒక తేదీ కాదు, ఒకటి రెండేళ్లు అటూ ఇటూ ఉండే అంచనా. పదిహేడున్నరేళ్ల పిల్లవాడికి ఆ అంచనా ఎటైనా మొగ్గవచ్చు.

ఇంకో గోతి స్కూలు కాగితాల్లోనే ఉంది. టీసీ, అడ్మిషన్ రిజిస్టర్ నకలు 94వ సెక్షన్ అడిగే సర్టిఫికెట్లు కావని సుప్రీంకోర్టు 2023లో యువప్రకాశ్ కేసులో చెప్పింది. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024 అక్టోబరులో ఇంకో కేసులో చెప్పింది. అయినా పోలీసు ఫైల్లో ముందు కనిపించేవి ఆ కాగితాలే. ఊరి బడుల్లో పాత అడ్మిషన్ రిజిస్టర్ తిప్పి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. బడి తెరిచే జూన్ నెల తేదీలే వరసగా కనబడతాయి. తల్లిదండ్రులకు తేదీ గుర్తులేక హెడ్మాస్టరే ఒకటి వేసిన సందర్భాలు చాలా ఉంటాయి. అందుకే జూనియర్‌ను కనీసం ఒక్కసారైనా బడికి పంపాలి. ఆ తేదీ ఏ ఆధారంతో వేశారు, ఒకటో తరగతిలో చేర్చింది ఎవరు, మొదట చేరింది అంగన్‌వాడీలోనా అని అడిగి రాసుకురావాలి. ఇంట్లో తోబుట్టువుల వయసులు కూడా రాయాలి. అన్నకూ తమ్ముడికీ మధ్య ఐదు నెలలే తేడా ఉన్నట్టు తేలితే రెండు తేదీల్లో ఒకటి తప్పనేగా.

లెక్కలోకి వచ్చేది నేరం జరిగిన రోజు వయసు. కేసు నడుస్తుండగా పద్దెనిమిది నిండినా మండలి దగ్గరే సాగుతుంది. నేరం నాటికి తాను మైనర్‌నన్న వాదన ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, తుది తీర్పు తర్వాత కూడా లేవనెత్తవచ్చని 9వ సెక్షన్ చెబుతోంది. సెంట్రల్ జైల్లో ఉన్న పాతికేళ్ల ఖైదీ ఫైలు కూడా ఒక్కోసారి బాలల కేసే అవుతుంది.

మండలిలో బెయిలు, గడువు, అంచనా

ష్యూరిటీల అలవాటు ఇక్కడే బయటపడుతుంది. కొత్త లాయర్ బెయిల్ రాగానే ఇద్దరు జామీనుదారులు, పట్టా పాస్‌పుస్తకం నకళ్లు సిద్ధం చేయమంటాడు. బాలల న్యాయ చట్టం 12వ సెక్షన్‌లో మాట సూటిగా ఉంది. ష్యూరిటీ ఉన్నా లేకున్నా విడుదల చేయాలి, లేదా ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలో పెట్టవచ్చు. నిరాకరణకు మూడే కారణాలు: నేరస్తుల సహవాసంలో పడతాడన్న భయం, పిల్లవాడికి నైతికంగా, శారీరకంగా లేదా మానసికంగా ప్రమాదం, న్యాయ ప్రయోజనం దెబ్బతినడం. నేరం పెద్దదన్నది ఆ జాబితాలో లేదు. కాబట్టి పిటిషన్‌లో నేరం గురించి రెండు లైన్లు చాలు. మిగతా పేజీ పిల్లవాడు ఏ ఇంటికి పోతాడు, పగలు ఎక్కడ ఉంటాడు, ఎవరు చూసుకుంటారన్న దానికి వాడాలి. విధించిన షరతులు ఏడు రోజుల్లో తీర్చలేకపోతే పిల్లవాణ్ని మళ్లీ మండలి ముందుకు తెచ్చి వాటిని సడలించాలని అదే సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ చెబుతోంది. ఆ ఏడో రోజును డైరీలో రాసుకునే లాయర్లు తక్కువ.

జగిత్యాల, సిరిసిల్ల వైపు కేసుల్లో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. తండ్రి వచ్చి పూచీకత్తు రాయాలని ఆగితే పిల్లవాడు హోంలోనే ఉంటాడు. వాస్తవంగా ఎవరి చేతుల్లో పెరుగుతున్నాడో వాళ్లను సంరక్షకులుగా గుర్తించే వీలు చట్టంలో ఉంది. అమ్మమ్మ వచ్చి సంతకం చేయవచ్చు. ఆమె అతణ్ని చూసుకుంటున్నట్టు చూపే రేషన్ కార్డు, బడి రికార్డు జత చేస్తే మండలికి సందేహం ఉండదు.

నేరం ఏ తరగతిదో లెక్కకట్టడం రెండో పాఠం. గరిష్ఠ శిక్ష మూడేళ్లు దాటకపోతే పెట్టీ, కనిష్ఠ శిక్షే ఏడేళ్లో అంతకు మించో ఉంటే హీనస్, మధ్యవి సీరియస్. పదేళ్ల దాకా శిక్ష రాసి ఉండి కనిష్ఠం లేని నేరాలు హీనస్ కావని 2020లో శిల్పా మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2021 సవరణలో పార్లమెంటు దాన్నే చట్టంలో పెట్టింది. సెల్‌ఫోన్ గుంజుకుపోయిన కేసు భారతీయ న్యాయ సంహిత 304 కిందైతే పెట్టీ. హత్యాయత్నం వినడానికి భయంకరమే గానీ కనిష్ఠ శిక్ష లేదు కనుక సీరియస్. పదిహేడేళ్ల అబ్బాయి పదిహేనేళ్ల అమ్మాయితో వెళ్లిపోయిన కేసు మాత్రం పోక్సో 4 లేదా 6 సెక్షన్ పడగానే హీనస్ అవుతుంది, ఇద్దరిదీ ప్రేమే అయినా సరే. పరకాల, నర్సంపేట పక్క నుంచి వచ్చే ఫైళ్లలో ఇలాంటివి కొత్త కాదు. జూనియర్‌కు ఒక పని పెట్టాలి: ఎఫ్‌ఐఆర్‌లోని ప్రతి సెక్షన్ పక్కన కనిష్ఠం, గరిష్ఠం, తరగతి అని మూడు గడులు గీసి నింపుకురావడం. నాలుగైదు ఫైళ్లకు ఇలా చేస్తే ఇక మరిచిపోడు.

అసలు ఎఫ్‌ఐఆర్ ఉండాలా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. 2016 నమూనా నియమాల ప్రకారం హీనస్ నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేసిన నేరమైతేనో తప్ప ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు. మిగతావాటికి స్టేషన్ జనరల్ డైరీలో నమోదు, పిల్లవాడి సామాజిక నేపథ్య నివేదిక చాలు. ఇది పాటించని ఫైలు కనబడితే మొదటి వాయిదాలోనే మెమో వేయాలి. కేసు సగం నడిచాక వేస్తే దాని బలం పోతుంది.

గడువుల విషయానికి వస్తే, మొదటిసారి హాజరుపరిచిన రోజు నుంచి నాలుగు నెలల్లో విచారణ ముగియాలి, మరో రెండు నెలలు పొడిగించవచ్చు. పెట్టీ కేసు అప్పటికీ తేలకపోతే రద్దయిపోతుంది. దానంతటదే రద్దవుతుందని చట్టం అంటుంది గానీ ఎవరో ఒకరు గుర్తు చేయకపోతే ఆర్డర్ షీట్‌లో ‘ఛార్జిషీటు రాలేదు, వాయిదా’ అనే పడుతూ ఉంటుంది. ఆరో నెల చివరి తేదీకి ఒక పేజీ పిటిషన్ ముందే టైపు చేసి ఉంచడం జూనియర్‌కు ఇవ్వదగ్గ మంచి పని.

వీటన్నిటికన్నా ప్రమాదకరమైంది, వేగంగా ముగించాలన్న కోరిక. లోక్ అదాలత్‌కు అలవాటుపడ్డ చేయి పిల్లవాడితో ‘ఒప్పుకో, ఇవాళే అయిపోతది’ అనిపిస్తుంది. పిల్లలు ఒప్పుకుంటారు కూడా, ఇంటికి పోవాలని. చేయని దొంగతనాన్ని ఒప్పుకున్న పిల్లవాడి పేరు ఆ వాడ పోలీసుల నోట్లో నిలిచిపోతుంది, తర్వాత ఆ చుట్టుపక్కల ఏం పోయినా ముందు అతడి ఇంటికే వస్తారు. 24వ సెక్షన్ రికార్డు నాశనం చేయమంటుంది గానీ మనుషుల జ్ఞాపకం మీద దానికి అధికారం లేదు.

పదహారు నిండిన పిల్లవాడి మీద హీనస్ నేరం ఉంటే, అతణ్ని పెద్దవాడిలా విచారించాలా అన్నది తేల్చడానికి 15వ సెక్షన్ ప్రాథమిక అంచనా వస్తుంది. నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానం అర్థం చేసుకునే శక్తి, జరిగిన పరిస్థితులు చూస్తారు. ఇది ట్రయల్ కాదని సెక్షన్ వివరణే చెబుతోంది. మండలిలో మానసిక శాస్త్రంలోనో సైకియాట్రీలోనో నిపుణత ఉన్న సభ్యులు లేకపోతే బయటి నిపుణుల సహాయం తప్పనిసరని 2022లో బరుణ్ చంద్ర ఠాకూర్ కేసు తీర్పు. ఫైల్లో ఐక్యూ అంకె ఒకటి, కింద సంతకం, అంతే ఉంటే అది అంచనా కాదు. ఏ పరీక్షలు చేశారు, ఎంతసేపు, ఏ భాషలో, పర్యవసానం గురించి ఏం అడిగారు అన్న నాలుగు ప్రశ్నలతో జూనియర్‌చేత అభ్యంతర పిటిషన్ రాయించాలి. ప్రొబేషన్ ఆఫీసర్ ఇచ్చే సామాజిక పరిశోధన నివేదిక 99వ సెక్షన్ కింద గోప్యం. అయినా అందులోని సారాంశాన్ని పిల్లవాడికో తల్లిదండ్రులకో తెలిపి, దానికి జవాబుగా సాక్ష్యం పెట్టుకునే అవకాశం ఇవ్వవచ్చని అదే సెక్షన్ అంటుంది. అడగకపోతే ఎవరూ చెప్పరు.

సమితి ముందు

కాజీపేట జంక్షన్‌లో రైలు దిగిన పిల్లవాణ్ని రైల్వే పోలీసులు పట్టుకుంటే ప్రయాణ సమయం పోను 24 గంటల్లో సమితి ముందు పెట్టాలి. పరిశోధన నివేదిక 15 రోజుల్లో రావాలి, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో. సొంత జిల్లాకు పంపాలని ఉత్తర్వైతే 95వ సెక్షన్ ప్రకారం ఎస్కార్టు 15 రోజుల్లో కుదరాలి, ఆడపిల్లకు మహిళా పోలీసు తోడు ఉండాలి. ఎస్కార్టు లేదన్న మాట మీద వారాలు గడిచిపోవడం ఇక్కడి మామూలు జబ్బు. లాయర్ చేయగలిగిందల్లా పదహారో రోజున సమితికి రాతపూర్వకంగా గుర్తుచేయడం, ప్రతిని జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఇవ్వడం.

సమితిలో గొంతు పెంచితే పని చెడుతుంది. అక్కడ ‘అబ్జెక్షన్ యువర్ ఆనర్’ అనే జూనియర్‌ను సభ్యులు మరుసటి వాయిదాకు రానివ్వకపోయినా ఆశ్చర్యం లేదు. అలాగని మౌనంగా కూర్చోవడమూ కుదరదు. ఉత్తర్వు మీద సంతకాలు లెక్కపెట్టాలి, తుది ఉత్తర్వుకు కనీసం ముగ్గురు సభ్యులుండాలి. అప్పీలు 30 రోజుల్లో బాలల కోర్టుకు. ఫోస్టర్ కేర్ (వేరే కుటుంబంలో పెంపకం), స్పాన్సర్‌షిప్ (ఆర్థిక సాయం) విషయాలైతే కలెక్టర్‌కు.

పెద్దపల్లి, కరీంనగర్ ఇటుక బట్టీల నుంచి తెచ్చిన ఒడిశా పిల్లల కేసుల్లో తొందర ఎక్కువ. రెండు రోజుల్లో రైలెక్కించి పంపేస్తారు. పంపేముందు ఆర్డీవో విడుదల పత్రం ఇచ్చారా అని చూడాలి. వెట్టిచాకిరీ పునరావాస సహాయానికి ఆ కాగితమే ఆధారం, ఊరు చేరాక ఇక్కడి నుంచి దాన్ని తెప్పించుకోవడం ఆ కుటుంబానికి దాదాపు అసాధ్యం.

భాష సంగతి సీనియర్లు కూడా తేలిగ్గా తీసుకుంటారు. మహబూబాబాద్ తండాల పిల్లలకు తెలుగు వస్తుంది, కానీ భయపడ్డప్పుడు, సిగ్గుపడ్డప్పుడు నోట లంబాడీయే వస్తుంది. ఏటూరునాగారం పైన కోయ పిల్లలదీ అంతే. అప్పుడు మేనమామనో, వెంట వచ్చిన కానిస్టేబుల్‌నో దుబాసీగా పెడితే వాళ్లు చెప్పాలనుకున్నదే బయటికి వస్తుంది. పోక్సో 38వ సెక్షన్ అర్హత ఉన్న అనువాదకుణ్ని పెట్టమంటోంది. సమితి ముందూ అదే అడగాలి. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) బడుల టీచర్లలో ఆ భాష వచ్చినవాళ్లు దొరుకుతారు, ముందుగా లేఖ రాసుకుంటే చాలు.

పోక్సో కోర్టులో

ఇక్కడ కొత్త లాయర్‌కు చెప్పాల్సిన మొదటి మాట: జరిగింది మళ్లీ అడగొద్దు. ఆ పాప ఇంట్లో చెప్పింది, పోలీసుకు చెప్పింది, డాక్టరుకు చెప్పింది, మేజిస్ట్రేటు ముందు చెప్పింది. ఆ వాంగ్మూలం చదివితే సరిపోతుంది. లాయర్‌తో మొదటి మాటలు వేరే ఉండాలి. కోర్టు గది ఎలా ఉంటుంది, ఎవరెవరు కూర్చుంటారు, తెర ఎందుకు, తెలియకపోతే ‘తెల్వదు’ అనొచ్చు, అర్థం కాకపోతే మళ్లీ అడగమనొచ్చు, నీళ్లు కావాలంటే ఆపమనొచ్చు. వీలైతే సాక్ష్యానికి ముందు రోజే ఖాళీ గది చూపించాలి. ఇవన్నీ చెప్పేది అమ్మాయికి నచ్చిన మనిషి పక్కన ఉండగానే. ఏం చెప్పాలో మాత్రం నేర్పకూడదు. ‘అట్ల చెప్పు, ఇట్ల చెప్పకు’ అన్న ఒక్క మాట క్రాస్‌లో, అంటే డిఫెన్స్ లాయర్ ఎదురు ప్రశ్నల్లో, బయటపడితే కేసు పోతుంది.

బాధితురాలికి లాయర్‌ను పెట్టుకునే హక్కు, స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ నుంచి పొందే హక్కు 40వ సెక్షన్ ఇచ్చింది. ఆ లాయర్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ సూచనల ప్రకారమే నడవాలి, నేరుగా క్రాస్ చేయలేడు, సాక్ష్యం ముగిశాక కోర్టు అనుమతితో రాతపూర్వక వాదనలు ఇవ్వవచ్చు. ‘ఇంతేనా?’ అని జూనియర్ నీరుగారిపోతాడు. నిజానికి పని చాలా ఉంది. నిందితుడి బెయిల్ దశలో బాధిత పక్షాన్ని వినాలని 2022లో జగ్‌జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ రోజు నిలబడాల్సింది ఈ లాయరే. 33వ సెక్షన్ కింద డిఫెన్స్ ప్రశ్నలు కోర్టు ద్వారానే వెళ్లాలి. నేరుగా అడుగుతుంటే ప్రాసిక్యూటర్ చెవిలో వెంటనే వేయాలి. కోర్టు కేసును విచారణకు స్వీకరించాక (కాగ్నిజెన్స్) 30 రోజుల్లో సాక్ష్యం నమోదు కావాలన్న 35వ సెక్షన్ గుర్తుచేయాలి.

డబ్బు విషయం చాలామంది చివరికి వదిలేస్తారు. 2020 పోక్సో నియమాల కింద తిండి, బట్ట, ప్రయాణం వంటి తక్షణ అవసరాలకు సమితి సిఫారసు చేస్తే వారంలో చెల్లింపు జరగాలి. ఎఫ్‌ఐఆర్ నమోదైన తర్వాత ఏ దశలోనైనా మధ్యంతర పరిహారం అడగవచ్చు, ఉత్తర్వు అందిన 30 రోజుల్లో చెల్లించాలి. కేసు తేలేదాకా ఆగనక్కర్లేదు. పిల్ల పేరున బ్యాంకు ఖాతా, ఎఫ్‌ఐఆర్ నకలు, వైద్య నివేదిక ఉంటే పిటిషన్ సిద్ధం. ఖాతా తెరవడానికే రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి ఆ పని మొదటి రోజే చెప్పాలి. ఉచిత బస్సు తల్లీకూతుళ్లకు ఉంది సరే, వెంట వచ్చే తాతకూ తమ్ముడికీ టికెట్టే కదా. ఒక్కో వాయిదాకు కూలి పోవడంతో పాటు ఆ ఛార్జీలు కూడా కలిసి కుటుంబాన్ని రాజీ వైపు నెడతాయి. రాజీతో పోక్సో కేసు కొట్టివేయడం కుదరదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజస్థాన్ కేసులో చెప్పింది. ఊరి పెద్దలకు ఆ మాట చెప్పి రావాల్సింది కూడా లాయరే.

సీనియర్ ఏం చేయాలి

ఒక సీనియర్‌కు ఇద్దరికి మించి జూనియర్లు వద్దు. ఉపన్యాసాలు తక్కువ, ఫైళ్లు ఎక్కువ. మొదటి నాలుగైదు వాయిదాలు చూడటానికే, అదీ మండలి లేదా కోర్టు అనుమతితో, ఎందుకంటే ఇవి బహిరంగ విచారణలు కావు. తర్వాత ఒకే ఫైలు ఇద్దరూ కలిసి. ఆపైన జూనియర్ నడుపుతాడు, సీనియర్ వెనక కూర్చుంటాడు. మధ్యలో లేచి వాదన లాక్కోవడం సీనియర్లు చేసే పెద్ద తప్పు. ఒక్కసారి అలా జరిగితే ఆ మండలి దృష్టిలో జూనియర్ మూడు నెలలు వెనక్కి పోతాడు. పిల్లవాడికి నష్టం జరిగేటట్టుంటే తప్ప లేవకూడదు.

ప్రతి వాయిదాకు ముందురోజు సాయంత్రానికి జూనియర్ ఒక పేజీ రాసివ్వాలి. వయసుకు ఏ కాగితం ఉంది, గడువుల్లో ఏది దగ్గర పడింది, పిల్లవాడు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాడు, ఏం కోరుతున్నాడు, రేపు ఏ ఉత్తర్వు అడగబోతున్నాం. ‘ఏం కోరుతున్నాడు’ దగ్గర ఖాళీ ఉంటే అతడు పిల్లవాడితో మాట్లాడలేదన్నట్టే. ఆ పేజీ లేకుండా కోర్టుకు రావొద్దని చెప్పే సీనియర్లకు కోపిష్టులన్న పేరు వస్తుంది, వారి దగ్గర నేర్చుకున్నవాళ్లే నిలబడతారు.

వాయిదా తర్వాత పది నిమిషాలు మాట్లాడుకోవాలి, కానీ అదాలత్ గేటు బయట చాయ్ బండి దగ్గర కాదు. పిల్లల గుర్తింపు బయటపెడితే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పేరు చెప్పకపోయినా ‘ఆ ఫలానా తండా పాప’ అంటే చాలు, పక్క బల్ల మీద ఉన్నవాళ్లకు తెలిసిపోతుంది. వాట్సాప్‌లో ఫైలు ఫొటోలు పంపుకోవడం కూడా ఇదే కోవ. ఆ పది నిమిషాల్లో ముందు జూనియర్‌ను మాట్లాడనివ్వాలి, ఆ తర్వాత సరిచేయాల్సింది ఒక్కటే చెప్పాలి. అయిదు చెబితే ఒక్కటీ మిగలదు.

ఒకే ఘటనలో పెద్దవాడూ పిల్లవాడూ నిందితులైతే ఇద్దరికీ న్యాయ సేవాధికార సంస్థ నుంచే లాయర్లు వస్తారు. పెద్దవాడిది ఆ సంస్థ నడిపే డిఫెన్స్ కౌన్సెల్ కార్యాలయం చూస్తుంటే పిల్లవాడికి ప్యానెల్ నుంచి వేరే మనిషిని అడగాలి. ‘అన్నీ వాడే చేసిండు’ అని పెద్దవాడు అనగానే ఇద్దరి దారులు విడిపోతాయి. ఇది నియామకం రోజే చూసుకోవాలి.

ఫీజు తక్కువ, ఆలస్యం. వాస్తవం అదే. అయినా క్లయింటు కుటుంబం నుంచి పైసా తీసుకోకూడదు, బస్సు ఛార్జీ అని కూడా. బిల్లు ఎలా పెట్టాలో మొదటి నెలలోనే చూపించాలి: నియామక పత్రం, ప్రతి వాయిదా ఆర్డర్ షీట్ నకలు, దశల వారీ నివేదిక. ఇవి కూడగట్టని లాయర్లు ఏడాది తిరక్కుండానే ప్యానెల్ పని వదిలేస్తారు. మొదటి ఏడాదిలో పోక్సో ఫైళ్లు ఏకకాలంలో మూడు నాలుగుకు మించి ఇవ్వకపోవడం మంచిది. నిద్ర పట్టడం లేదని, ఫైలు తెరవబుద్ధి కావడం లేదని జూనియర్ అంటే అది బద్ధకం కాదు. రెండు నెలలు మండలి కేసులకు మార్చాలి.

ప్యానెల్ మూడేళ్లకోసారి మారుతుంది. పాత ప్యానెల్ లాయర్ చేతిలో ఉన్న కేసు ఆ ఒక్క కారణంతో తీసేయకూడదని 2010 నిబంధనలే చెబుతున్నాయి. అయితే జూనియర్లు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లుగా (ఏపీపీ) ఎంపికవుతారు, హైకోర్టుకు వెళ్లిపోతారు, ఫైలు చేతులు మారక తప్పదు. అప్పుడు రెండు పేజీల నోటు రాసి ఇవ్వాలి. జరిగిన వాయిదాలు ఆర్డర్ షీట్‌లో ఎలాగూ ఉంటాయి కాబట్టి నోటులో ఉండాల్సింది వేరే: పిల్లవాడు ఎవరితో మాట్లాడతాడు, ఏ మాట అడిగితే ముడుచుకుపోతాడు, ఇంట్లో ఎవరి మాట నమ్మొద్దు, ఏ కాగితం ఎవరి దగ్గర ఆగింది. కొత్త లాయర్ మొదటి వాయిదాకు పాత లాయర్ కూడా వచ్చి పరిచయం చేయాలి. ఆ రోజుకు ఫీజు రాదు కనుక ఈ షరతును నియామక పత్రంలోనే రాయించుకోవడం మేలు.